పదకొండు కోర్సుల్లో చేరి ఒక్కటే పూర్తి చేశాను, లోపం నాలోనే ఉందా?

సిద్దిపేట నుంచి ఒక సోదరి చాలా పెద్ద ఉత్తరం రాశారు. పేరు వేయొద్దన్నారు. వయసు 33. తెలుగు మీడియంలో చదువుకుని బీకాం కంప్యూటర్స్ చేశారు, పెళ్లికి ముందు రెండేళ్లు ఒక ఆడిటర్ గారి దగ్గర పనిచేశారు. ఇప్పుడు పాప యూకేజీ. మళ్లీ ఉద్యోగం చేయాలని, డేటా అనలిస్ట్ (కంపెనీల లెక్కలు, సమాచారం విశ్లేషించే ఉద్యోగం) అయితే ఇంటి నుంచే పని దొరుకుతుందని ఎవరో చెబితే, గత మూడేళ్లలో పదకొండు ఉచిత ఆన్‌లైన్ కోర్సుల్లో చేరారు. పూర్తయింది ఒక్కటి, జీఎస్టీ మీద నాలుగు వారాల కోర్సు. ప్రస్తుతం ఎన్‌పీటెల్‌లో (ఐఐటీలు, ఐఐఎస్సీ కలిసి నడిపే ఉచిత ఆన్‌లైన్ కోర్సుల వేదిక) డేటా సైన్స్‌కి సంబంధించిన 12 వారాల కోర్సు నడుస్తోంది, పరీక్ష ఫీజు వెయ్యి రూపాయలు కట్టేశారు. మొదటి మూడు అసైన్‌మెంట్లు పంపారు, నాలుగు, ఐదు పోయాయి. ఇప్పుడు ఆరో వారం. చదివేది రాత్రి పది తర్వాత, పాప పడుకున్నాక, ఫోన్‌లో. భర్త లాప్‌టాప్ ఆదివారం మాత్రమే ఖాళీగా ఉంటుంది.

"మావారు చెడ్డవారు కాదు. కానీ మొన్న చుట్టాలందరూ ఉన్నప్పుడు మా ఆవిడది ఆరంభశూరత్వం అన్నారు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఆ రాత్రి నిద్రపట్టలేదు. బెంగళూరులో ఉన్న మా తమ్ముడు కూడా, ఫ్రీగా ఇస్తున్నవే చేయలేకపోతే ఎట్లక్కా అన్నాడు. అమీర్‌పేటలో ఒక ఇన్‌స్టిట్యూట్ వాళ్లు నలభై వేలు కడితే ఆన్‌లైన్‌లో లైవ్ క్లాసులు చెప్పి ప్లేస్‌మెంట్ చూపిస్తామంటున్నారు. డబ్బు కడితేనైనా నాకు పట్టుదల వస్తుందేమో. ఇప్పుడున్న కోర్సు వదిలేయాలా, లాగాలా? అసలు నేను ఏదీ పూర్తి చేయలేని మనిషినా?"

అమ్మా, మీ చివరి ప్రశ్నతోనే మొదలుపెడతాను, ఎందుకంటే అది తేలకుండా మిగతావి తేలవు.

2012లో అమెరికాలోని ఎంఐటీ యూనివర్సిటీ, ఎవరైనా చేరి సర్టిఫికెట్ తెచ్చుకోగలిగే తన మొదటి ఉచిత ఆన్‌లైన్ కోర్సు పెట్టింది. ఎలక్ట్రానిక్ సర్క్యూట్ల మీద, అనంత్ అగర్వాల్ గారి బృందం చెప్పింది. చేరినవాళ్లు 1,54,763 మంది. అందులో మొదటి అసైన్‌మెంట్ తెరిచి చూసినవాళ్లు 69,221. ఆ అసైన్‌మెంట్‌లో కనీసం ఒక్క మార్కు తెచ్చుకున్నవాళ్లు 26,349. మధ్యలో వచ్చే పరీక్ష పాసైనవాళ్లు 9,318. చివరికి సర్టిఫికెట్ అందుకున్నవాళ్లు 7,157 మంది. అంటే వందకి ఐదుగురు కూడా లేరు. తర్వాతి సంవత్సరాల్లో హార్వర్డ్, ఎంఐటీ కలిసి నడిపిన కోర్సుల లెక్కలు కూడా ఇలాగే ఉన్నాయి, మొదటి ఏడాది పదిహేడు కోర్సులకు వచ్చిన 8,41,687 రిజిస్ట్రేషన్లలో మూడో వంతుకు పైగా చేరడంతోనే ఆగిపోయాయి, పాఠం తెరవనేలేదు. 2017-18కి వచ్చేసరికి చేరినవాళ్లలో పూర్తి చేసినవాళ్లు వందకి ముగ్గురే.

పక్కవాళ్లూ ఫెయిలయ్యారు కదా అని మిమ్మల్ని ఊరడించడానికి ఈ అంకెలు చెప్పడం లేదు. ఒక క్లాసులో ఐదుగురు మానేస్తే ఆ ఐదుగురి సంగతేమిటో చూస్తాం. తొంభై ఐదుగురు మానేస్తే ఆ క్లాసు సంగతేమిటో చూడాలి కదా. ఆరంభశూరత్వం అనే మాట ఒక మనిషి గుణం గురించి చెప్పేది. ఇన్ని లక్షల మందికి, ఇన్ని దేశాల్లో, ఒకేలా జరుగుతున్నదానికి ఆ మాట సరిపోదు.

ఆ అంకెల్లో మీకు ఈ వారమే పనికొచ్చే సంగతి ఒకటుంది, మళ్లీ ఒకసారి చూడండి. జనం రాలిపోయింది ఎక్కువగా మొదట్లోనే. సగం దాకా వచ్చి ఆ పరీక్ష పాసైనవాళ్లు తొమ్మిది వేల చిల్లర, అక్కడి నుంచి పోయినవాళ్లు తక్కువ. మీరు మూడు అసైన్‌మెంట్లు పంపి ఆరో వారంలో ఉన్నారు. మీరనుకుంటున్నట్టు మీరు గుంపులో చివర లేరు, చేరినవాళ్లలో చాలామంది ఇప్పటికే మీ వెనక ఆగిపోయి ఉంటారు.

ఇప్పుడు మీ పదకొండు కోర్సుల లిస్టు. ఉత్తరంలో ఒక్కొక్కటీ ఎక్కడ ఆగిందో రాశారు, నాకు అన్నిటికంటే అదే ఉపయోగపడింది. మీరేమో ఇప్పుడు నడుస్తున్నదాన్ని కూడా కలిపి పది ఓటములని రాశారు, నాకు అందులో నాలుగు వేరువేరు విషయాలు కనిపిస్తున్నాయి.

మూడు కోర్సులు మీరు అసలు తెరవలేదు. అవి వదిలేసినట్టు కాదు, మొదలే పెట్టలేదు. ఒక బటన్ నొక్కితే చేరిపోయే చోట చేరడానికి విలువ ఉండదు, పుస్తకాల షాపులో పుస్తకం చేతిలోకి తీసుకుని మళ్లీ పెట్టేసినట్టు. వాటిని లెక్కలోంచి తీసేయండి.

రెండు కోర్సుల సంగతి ఇంకా వేరే. ఎక్సెల్ కోర్సులో పివట్ టేబుల్స్ దాకా చూసి ఆపేశానన్నారు, తర్వాత రెండు లైన్ల కిందే, మీ చెల్లెలి చీరల వ్యాపారానికి స్టాకు, బాకీలు, లాభం అన్నీ ఒకే ఫైల్లో వచ్చేలా చేసి ఇచ్చానని రాశారు. పోస్టర్లు తయారు చేసే కోర్సు కూడా అంతే, వాట్సాప్‌లో చీరల ఫోటోలు పెట్టడానికి కావలసినంత నేర్చుకుని వచ్చేశారు. అమ్మా, ఇవి మధ్యలో మానేసిన కోర్సులు ఎలా అవుతాయి? కావలసింది తీసుకున్నారు, వాడుతున్నారు. ఇలాంటి కోర్సుల మీద పరిశోధన చేసినవాళ్లు కూడా పూర్తి చేసేవాళ్లు, వదిలేసేవాళ్లు అని రెండే రకాలుగా చూడొద్దని 2013లోనే చెప్పారు. రుచి చూసి వెళ్లేవాళ్లుంటారు, పరీక్షల జోలికి పోకుండా పాఠాలు మాత్రం వినేవాళ్లుంటారు. సర్టిఫికెట్ లేదు కాబట్టి మీరు దీన్ని ఓటమి కింద రాసుకున్నారు, మీ చెల్లెలిని అడిగితే అలా చెప్పదు.

స్టాటిస్టిక్స్, మెషీన్ లెర్నింగ్ (డేటా నుంచి కంప్యూటరే నేర్చుకునేలా చేయడం) కోర్సులు రెండూ రెండో వారంలో ఆగాయి. అక్కడ చెప్పేవాళ్లు ప్రాబబిలిటీ, కాలిక్యులస్ ముందే వచ్చి ఉంటాయనుకుని చెప్పుకుపోతారు. కోర్సు పేజీలో "ఎవరైనా చేరవచ్చు" అని రాసినా సరే. బీకాం చదివిన మీకు అవి ఎవరూ చెప్పలేదు. నిచ్చెనకి మొదటి మెట్లు లేకపోతే ఎక్కేవాళ్లకి బద్ధకమని ఎవరంటారు?

ఇక పైథాన్ (కంప్యూటర్ ప్రోగ్రాంలు రాసే ఒక భాష) కోర్సులు రెండు, రెండూ సరిగ్గా మూడో వారంలో ఆగాయి. మొదటిసారి పాపకి జ్వరం, రెండోసారి ఆడపడుచు పెళ్లి అని రాశారు. నిజమే, కానీ నాకు ఇంకో కారణం కూడా కనిపిస్తోంది. మొదటి రెండు వారాలూ చూసి అర్థం చేసుకుంటే సరిపోతుంది, మూడో వారం నుంచి ప్రోగ్రాం రాయాలి. మీ చేతిలో ఉన్నది ఫోన్. ఆ చిన్న స్క్రీన్ మీద, ఒక చేత్తో, లైను ముందు ఎన్ని ఖాళీలు వదలాలో చూసుకుంటూ కోడ్ రాయడం ఎంత నరకమో నాకు తెలుసు. డిగ్రీ కాలేజీలో పనిచేసిన రోజుల్లో నా విద్యార్థుల్లో లాప్‌టాప్ లేని పిల్లలు సరిగ్గా అక్కడే ఆగిపోయేవాళ్లు, వాళ్లు కూడా తమకి తెలివి లేదనే అనుకునేవాళ్లు.

ఆ కాలేజీ మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. మేము ఎన్‌పీటెల్ కోర్సులు మా పిల్లలతో చేయించేవాళ్లం. చాలామంది పూర్తి చేసేవారు, కారణం వాళ్లు మీకంటే గట్టివాళ్లని కాదు. ఎవరు ఎన్ని అసైన్‌మెంట్లు పంపారో చూడటానికి ఒక లెక్చరర్ ఉండేవారు, గడువు ముందు రోజు రాత్రి గ్రూపులో మెసేజ్‌ల మీద మెసేజ్‌లు, అర్థం కానిది అడగడానికి పక్క బెంచీలో ఒకరు. మీకు ఉన్నది ఇయర్‌ఫోన్స్, ఇంకో గదిలోంచి "ఇంకా ఫోన్ చూస్తున్నావా" అనే అత్తమ్మ గొంతు.

ఇప్పుడు అసలు లెక్క. మీరు ఆడిటర్ ఆఫీసులో చేశారు కాబట్టి ఇది మీకు నాకంటే బాగా తెలుస్తుంది. వారానికి అరగంటవి ఐదు వీడియోలు, రెండున్నర గంటలు. ఇంగ్లీషులో స్పీడుగా చెప్పడం వల్ల వెనక్కి జరుపుకుంటూ చూస్తే ఒక్కోదానికి గంట పైనే పడుతుందన్నారు, అంటే ఐదున్నర, ఆరు గంటలు. అసైన్‌మెంట్‌కి ఇంకో రెండు. మొత్తం ఎనిమిది. మీకు దొరికేది వారంలో నాలుగు రాత్రులు, గంటన్నర చొప్పున, ఆరు గంటలు, అదీ రోజంతా పనిచేసి కళ్లు మూతలు పడుతుండగా. ప్రతి వారం రెండు గంటల బాకీ. నాలుగో వారానికి అది ఎనిమిది గంటలు, అంటే ఒక వారం మొత్తం. మీ అసైన్‌మెంట్ తప్పింది సరిగ్గా నాలుగో వారంలోనే. ఇందులో పట్టుదల సమస్య నాకు కనబడలేదు. ఆదాయం కంటే ఖర్చు ఎక్కువున్న పద్దు అది, అంతే.

కోర్సు వదలాలా, లాగాలా అన్నదానికి నేను ఆర్డర్ వేయను. మీ ముందున్న దారులు, ఒక్కోదానికి ఏం కట్టాలో చెబుతాను.

సర్టిఫికెట్ కోసమే ఉండాలనుకుంటే, ముందు ఒక విషయం. రెండు అసైన్‌మెంట్లు పోయాయి కాబట్టి అయిపోయిందని రాశారు. అయిపోలేదు. 12 వారాల కోర్సులో ఎక్కువ మార్కులు వచ్చిన ఎనిమిది అసైన్‌మెంట్లనే లెక్కలోకి తీసుకుంటారు. మీవి మూడు అయ్యాయి, ఇంకా ఏడు ఉన్నాయి, కావలసింది ఐదు. అసైన్‌మెంట్లకి 25, పరీక్షకి 75. అసైన్‌మెంట్లలో కనీసం 10, పరీక్షలో కనీసం 30 రావాలి. మీ కోర్సు పేజీలోనే ఉంటుంది, మళ్లీ ఒకసారి చదవండి, టెన్షన్‌లో చదివింది సరిగా ఎక్కదు. కాబట్టి ఇది సాధ్యమే. కానీ ఆ రెండు గంటల బాకీ తీరకుండా మాత్రం సాధ్యం కాదు, ఎనిమిదో వారంలో మళ్లీ ఇదే ఉత్తరం రాస్తారు. పోయిన రెండు వారాల వీడియోలన్నీ పూర్తి చేశాకే ఆరోది మొదలుపెడతానని కూర్చోకండి, చాలామంది మునిగేది అక్కడే. ఆరో వారం నుంచి అందుకోండి, పాతవి ఆదివారాల్లో చూసుకోండి. కొన్ని కోర్సుల పాఠాలు తెలుగు అనువాదంలో కూడా పెడుతున్నారు, మీదానికి ఉందేమో చూడండి, ఉంటే వెనక్కి జరుపుకునే సమయమంతా మిగులుతుంది. అరగంట వీడియో ఒక్క ఊపులో చూడాలనీ లేదు. 2014లో ఎడెక్స్ (హార్వర్డ్, ఎంఐటీ కలిసి మొదలుపెట్టిన ఆన్‌లైన్ కోర్సుల వేదిక) కోర్సుల్లో 69 లక్షల వీక్షణలు పరిశీలిస్తే, వీడియో ఎంత పొడుగుదైనా కనీసం సగం సార్లు ఆరు నిమిషాల లోపే ఆపేశారని తేలింది. మనిషి ధ్యాస అంతే. పప్పు కుక్కర్‌లో పెట్టి మూడు కూతలు వచ్చేలోపు ఒక ముక్క చూడొచ్చు.

రెండో దారి, సర్టిఫికెట్ వదిలేసి పాఠాలు మాత్రం మీ వీలును బట్టి వినడం. వీడియోలు ఎక్కడికీ పోవు. కట్టిన వెయ్యి రూపాయలు పోతాయి, బాధే, కానీ దానికోసం ఏడు వారాలు నిద్ర పోగొట్టుకోవడం ఇంకా పెద్ద ఖర్చు. ఈ దారిలో ఇబ్బంది ఏమిటంటే గడువు లేని చదువు వెనక్కి జరుగుతూ ఉంటుంది. హార్వర్డ్ కోర్సుల్లో చేరినవాళ్లని ముందే మీ ఉద్దేశం ఏమిటని అడిగి తర్వాత చూశారు. పూర్తి చేయాలనే వచ్చామన్నవాళ్లలో వందకి 22 మంది సర్టిఫికెట్ దాకా వెళ్లారు, ఊరికే చూద్దామని వచ్చినవాళ్లలో ఆరుగురు. ఉద్దేశానికి బలం ఉంది, కానీ గట్టి ఉద్దేశం ఉన్నవాళ్లలో కూడా 78 మంది ఆగిపోయారు, అది కూడా గుర్తుపెట్టుకోండి.

మూడోది, దీన్ని ఇక్కడితో ఆపేసి దారి మార్చడం. ఇది నా అభిప్రాయం, తీసుకోవాలా వద్దా మీ ఇష్టం. మీకు ఎక్సెల్ వచ్చు, అకౌంట్స్ తెలుసు, జీఎస్టీ కోర్సు పూర్తి చేశారు. పదకొండింటిలో పూర్తయినది అదొక్కటే ఎందుకని ఎప్పుడైనా ఆలోచించారా? చిన్న కోర్సు, తెలిసిన సబ్జెక్టు, ఫోన్‌లో చేయగలిగింది. మీరు డేటా సైన్స్, మెషీన్ లెర్నింగ్ వైపు వెళ్తున్నది అది నచ్చి కాదని, ఎవరో దాంట్లో ఉద్యోగాలున్నాయని చెప్పడం వల్లనని మీ ఉత్తరమే చెబుతోంది. డేటా అనలిస్ట్ పనిలో కూడా మొదటి మెట్లు ఎక్సెల్, ఎస్‌క్యూఎల్ (డేటాబేస్‌లోంచి కావలసిన సమాచారం తీసే భాష). అకౌంట్స్ తెలిసిన మనిషి అక్కడి నుంచి మొదలుపెడితే ఉన్నదాని మీదే కట్టుకుంటూ వెళ్తారు. పైథాన్ తర్వాతైనా వస్తుంది. అయితే ఈ దారిలో మీ ఇంట్లో ఇంకోసారి "చూశారా, ఇది కూడా" అనే మాట వస్తుంది. దాన్ని తట్టుకోవాలి. జారిపోవడం వేరు, లెక్క చూసుకుని ఆపడం వేరు, కానీ బయటి నుంచి చూసేవాళ్లకి రెండూ ఒకేలా ఉంటాయి.

నలభై వేల సంగతి. డబ్బు కడితే పట్టుదల వస్తుందా అన్నారు. 2017-18లో హార్వర్డ్, ఎంఐటీ కోర్సులకే సర్టిఫికెట్ కోసం డబ్బు కట్టినవాళ్లలో 46 శాతం పూర్తి చేశారు, మొత్తం మీద చూస్తే మూడు శాతం. తేడా పెద్దదే. కానీ డబ్బు కట్టేవాళ్లు ముందే సమయం, ఇంటర్నెట్, ఇంట్లో ఒప్పుదల అన్నీ చూసుకుని కట్టినవాళ్లు అయ్యుండొచ్చు. పట్టుదల డబ్బుతో వచ్చిందని ఆ లెక్క చెప్పదు. పైగా డబ్బు కట్టినవాళ్లలో కూడా సగానికి పైగా పూర్తి చేయలేదు. ఇన్‌స్టిట్యూట్‌లో నిజంగా దొరికేది ఒకటుంది, డౌట్ వస్తే అడగడానికి మనిషి, కూడా చదివేవాళ్లు. అది చిన్న విషయం కాదు. కానీ వాళ్ల లైవ్ క్లాసు సాయంత్రం ఏడు నుంచి తొమ్మిది అని మీరే రాశారు. అది మీ ఇంట్లో వంట, పాప హోంవర్క్, అందరి భోజనాల సమయం. ఇప్పుడు దొరకని రెండు గంటలు నలభై వేలు కట్టగానే ఎక్కడి నుంచి వస్తాయి? ప్లేస్‌మెంట్ చూపిస్తామన్నదానికి, పోయిన బ్యాచ్‌లో ఇద్దరి ఫోన్ నంబర్లు అడగండి, వాళ్లు ఇప్పుడు ఎక్కడ పనిచేస్తున్నారో వాళ్లనే అడగండి. నంబర్లు ఇవ్వలేదంటే మీకు జవాబు దొరికినట్టే. ఇచ్చినా సరే మొత్తం ఒకేసారి కట్టొద్దు. ఆ డబ్బులో సగంతో ఒక వాడిన లాప్‌టాప్ వస్తుంది, నన్నడిగితే మీ చదువుని ఇప్పటిదాకా ఆపిన వస్తువు అదే.

ఇక మీవారితో మాట్లాడటం. ఆరంభశూరత్వం అన్నమాట మిమ్మల్ని ఎంత బాధపెట్టిందో ఆయనకి తెలిసినట్టు లేదు, మీరు కూడా నవ్వారు కదా. చెప్పండి. దెప్పడానికి కాదు, ఆ రాత్రి నిద్రపట్టలేదని ఉన్నదున్నట్టు. తర్వాత పైన వేసిన గంటల లెక్క కాగితం మీద రాసి చూపించండి. "నాకు సపోర్ట్ చేయండి" అంటే ఆయనకి ఏం చేయాలో తెలియదు, ఫీజు కట్టాను కదా అనుకుంటారు. "మంగళవారం, శుక్రవారం ఎనిమిది నుంచి తొమ్మిది దాకా పాపని మీరు చూసుకోండి, లాప్‌టాప్ నాకివ్వండి" అంటే అది చేయగలిగిన పని. సరిగ్గా ఆ రెండు గంటలే మీకు తక్కువ పడుతున్నాయి. ఆయన కాదంటే, అప్పుడు కూడా ఒక విషయం తేలుతుంది, మొదటి దారి ఈసారికి మూసుకుపోయిందని. దానికి మిమ్మల్ని మీరు తిట్టుకోనక్కర్లేదు. అత్తమ్మకి కూడా ఒకసారి ఫోన్‌లో ఆ పాఠం చూపించండి, రాత్రిపూట మీరు చూస్తున్నది రీల్స్ అనుకుంటున్నారేమో.

ఏ దారిలో వెళ్లినా ఈ ఆదివారం లాప్‌టాప్ దొరికినప్పుడు ముందుగా ఒక పని చేయండి. మీ చెల్లెలి చీరల లెక్కల ఫైల్‌కి ఒక కాపీ తీసి, కొన్నవాళ్ల పేర్లు, ఫోన్ నంబర్లు తీసేసి, ఎవరైనా తెరిస్తే అర్థమయ్యేలా మొదటి పేజీలో నాలుగు లైన్లు రాసి దాచుకోండి. మీరు ఉద్యోగానికి వెళ్తే వాళ్లు మీరేం చేయగలరని అడుగుతారు. చూపించడానికి మీ దగ్గర ఇప్పటికే ఉన్నది అదే. ఆ పాత ఆడిటర్ గారి ఆఫీసు ఇంకా ఉంటే, ముందు ఆయనకే చూపించండి.